దేవుడి వాటా

మా మేనకోడలు స్కాట్లండులో ఉంటుంది. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. పోయిన వేసవిలో ఒకనాడు, "అత్తా, నిన్న మా ఊళ్ళో విస్కీ పండగకి వెళ్ళొచ్చాం" అంది. చేతిలో ఉన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. విస్కీ అన్న మాట గట్టిగా పలకడం మా ఇంట్లో ఇంకా అలవాటు కాలేదు. మా వారు వింటున్నారేమోనని పక్క గదిలోకి తొంగి కూడా చూశాను. ఆయన తాగరు. అయినా చూశాను. ఎందుకో మీకు తెలుసు.

అది నవ్వింది. "తాగడం కాదత్తా, రుచి చూడడం. టౌను హాల్లో బల్లలు వేసి చిన్న గ్లాసుల్లో చెంచాడు చెంచాడు పోస్తారు. ముందు వాసన చూడాలి. తర్వాత రెండు చుక్కలు నీళ్ళు కలిపి చప్పరించాలి. కొన్ని తేనె వాసన వేస్తాయి, కొన్ని పొగచూరినట్టుంటాయి." ఆ పొగ ఎక్కడిదని అడిగాను. రచయిత్రిని కదా, తాగకపోయినా వివరం కావాలి. మొలకెత్తిన బార్లీ గింజల్ని పీట్ అనే ఎండబెట్టిన బురదగడ్డల మంట మీద ఆరబెడతారట. ఆ పొగ గింజకి పట్టి, సీసా దాకా వస్తుందట. ఓకు చెక్క పీపాల్లో మూడేళ్ళయినా నిలవ ఉంటేగాని దానికి స్కాచి అని పేరు పెట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పీపాల్లో ఉండగానే ఏటా నూటికి రెండు వంతుల దాకా ఆవిరైపోతుంది. గాలిలో కలిసిపోయిన ఆ కాస్తనీ వాళ్ళు 'దేవతల వాటా' అంటారట.

"అయితే అక్కడి దేవతలూ పుచ్చుకుంటారన్నమాట" అన్నాను.

"మనవాళ్ళు సోమరసం తాగలేదా ఏం?" అని, అసలు సంగతి అప్పుడు చెప్పింది. టిక్కెట్ల మీద వచ్చిన డబ్బంతా, ఖర్చులు పోను, ఆ ఊళ్ళో నయంకాని జబ్బు మనుషుల్ని చివరిదాకా చూసుకునే ఆశ్రమానికి ఇచ్చేస్తారట. మొగుడూ పెళ్ళాం చెరో టిక్కెట్టూ కొన్నారు. "పుణ్యానికి పుణ్యం, పురుషార్థానికి పురుషార్థం" అంది. స్కాట్లండులో అందరూ చెంచాడుతో సరిపెట్టుకుంటారని కాదు. తాగి చచ్చిపోయేవాళ్ళు ఎక్కువైపోతున్నారనే అక్కడి ప్రభుత్వం 2018 మేలో మద్యానికి ఒక కనీస ధర పెట్టి, అంతకంటే చవగ్గా అమ్మకూడదంది. అయినా ఆ పండగని తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. కొంచెం అసూయ కూడా కలిగింది.

అక్కడితో మరిచిపోదును. పది రోజులు తిరక్కుండానే మునగాల దగ్గర మా మేనత్తగారి ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. ఊరి పేరు చెప్పను. సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్ళే బస్సులో కూర్చుంటే, పెద్దరోడ్డు వదిలి లోపలికి వెళ్ళే ఊళ్ళల్లో అదొకటి. అత్తయ్య వాళ్ళ అరుగు మీద కూర్చుని మామిడికాయ ముక్కలు తుడుస్తున్నాం. గుడి మైకు గరగరలాడింది. పొద్దున సుప్రభాతం వేసే మైకే. "దేవుడి పని. ఎవరూ వెనకాడొద్దు. పాట మొదలు పెడుతున్నం" అని వినబడింది.

గుడి కోసం భూమి వేలం వేస్తున్నారేమో అనుకున్నాను. "భూమి గాదమ్మాయ్, బెల్టు షాపు" అంది అత్తయ్య, ముక్క తుడవడం ఆపకుండా.

పట్నం పాఠకురాళ్ళకి చెప్పాలేమో. లైసెన్సున్న వైను షాపు నుంచి సీసాలు తెచ్చి, ఊళ్ళో కిరాణా కొట్టు వెనకో, ఇంటి వసారాలోనో, సీసా మీద అచ్చేసిన ధరకి ఇరవయ్యో ముప్పయ్యో చేర్చి అమ్మే చోటు బెల్టు షాపు. చట్టప్రకారం అది ఉండకూడదు. ఉంటుంది. తెలంగాణలో కొన్ని ఊళ్ళల్లో ఏడాదికోసారి దానికి వేలం పాట కూడా ఉంటుంది. పాట దక్కినవాడే ఆ ఏడు ఊళ్ళో అమ్ముకోవాలి, ఇంకొకడు సీసా పెట్టకూడదు. పాట డబ్బు గుడికో, బొడ్రాయికో, ఊరుమ్మడి పనికో పోతుంది. పేపర్లో అప్పుడప్పుడూ చదివేదాన్ని. చెవులతో వినడం అదే మొదలు.

మూడు లక్షల దగ్గర మొదలైంది. ఆడవాళ్ళెవరూ గుడి దగ్గరికి పోలేదు గాని, ప్రతి అరుగు మీదా చెవులు ఉన్నాయి. పాట పెరిగినప్పుడల్లా మగవాళ్ళ ఈలలు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఏడు లక్షల ఇరవై వేల దగ్గర ఆగింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు మైకులో బాగా వినబడింది. పాట పాడినాయనకి బంతిపూల దండ వేసి, గుడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేయించి, ఇంటిదాకా డప్పులతో సాగనంపారు. మా మేనకోడలు చెప్పిన పండగకీ దీనికీ ఏం తేడా? ఇక్కడా మందే, ఇక్కడా ధర్మకార్యమే. ఇక్కడ దేవుడి వాటా ఆవిరైపోకుండా ముందే లెక్కగట్టి తీసుకున్నారు, అంతే.

విమర్శ రాయమంటే ఊళ్ళో కబుర్లు చెబుతోందేమిటి అనుకుంటున్నారా? ఈ అనుబంధానికి 'మన సాహిత్యంలో తాగుడు' అని ఒక వ్యాసం రాసిమ్మని సంపాదకులు అడిగి నాలుగు నెలలైంది. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా కలం సాగలేదు. ఆ పాట విన్నాకే, అన్నేళ్ళుగా ఆ పుస్తకాల్లో నాకు వెలితిగా తోచిందేమిటో పట్టుబడింది.

గురజాడవారి 'కన్యాశుల్కం' తీసుకోండి. సారా దుకాణం దగ్గర బైరాగి, హవల్దారు, దుకాణదారు చేరి, తాగుతూ వేదాంతం మాట్లాడే రంగం ఒకటుంది. బి.ఏ.లో మాకు ఆ నాటకం చెప్పిన మేష్టారు ఆ రంగం రాగానే, "ఇది కథకి అంత అవసరం కాదు, ఇళ్ళల్లో చదువుకోండి" అని దాటేశారు. ఆడపిల్లల క్లాసు మరి. ఇళ్ళల్లో చదువుకుని నవ్వుకున్నాం. అత్తయ్యగారి అరుగు మీద కూర్చున్నాక గాని తెలియలేదు, గురజాడ ఎంత తెలిసి రాశారో. దేవుడి తరఫున ఒకాయన, సర్కారు తరఫున ఒకాయన, అంగడి తరఫున ఒకాయన. ముగ్గురూ ఒక్క చోట, ఒక్క గ్లాసు దగ్గర. నూట పాతికేళ్ళ కిందటి నాటకంలోని ఆ ముగ్గురూ నేను విన్న వేలంలో ఉన్నారు, హవల్దారు మాత్రం కనబడకుండా ఉన్నాడు. కాకపోతే ఆ దుకాణానికి డబ్బు ఏ ఇంట్లోంచి నడిచి వచ్చిందో గురజాడవారి కెమేరా అటు తిరగలేదు. హాస్యం అక్కడే ఆగుతుంది.

కాళ్ళకూరి నారాయణరావుగారు మూడు దురాచారాల మీద మూడు నాటకాలు రాశారు. వేశ్యాలోలత్వం మీద 'చింతామణి', కట్నం మీద 'వరవిక్రయం', తాగుడు మీద 'మధుసేవ'. వీటిల్లో 'వరవిక్రయం' నాకు ప్రాణం. ఎందుకంటే అందులో కమల ఉంది. కట్నం పోసి కొన్నాం కాబట్టి పెళ్ళికొడుకు మా సొత్తు, అతనే మా ఇంటికి రావాలి గాని నేను వెళ్ళనని వ్యాపారం మాటని వ్యాపారం మాటతోనే కొట్టింది. లెక్క తెలిసిన నాయిక. తాగుడు మీద వచ్చిన నాటకాల్లో, నవలల్లో అలాంటి కమల ఎక్కడైనా ఉందా అని వెతికాను. నాకు కనబడలేదు. ఉన్న భార్యలందరూ దీపం దగ్గర కూర్చుని ఎదురుచూసేవాళ్ళే.

ఇక దేవదాసు సంగతి. శరత్‌బాబు నవల 1917లో వచ్చింది, మన సినిమా 1953లో. మా అమ్మమ్మ ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే గుర్తు లేదు. మా అమ్మ ఆ పాటలు పాడుకుంటూ వంట చేసేది. నాగేశ్వరరావుగారు దగ్గినప్పుడల్లా మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. నేనూ ఒత్తుకున్నాను, ఇప్పుడు కూడా ఒత్తుకుంటాను. కాని ఒక్కటి ఆలోచించండి. దేవదాసు అన్ని సీసాలు తాగాడే, ఆ డబ్బు ఎవరిది? జమీందారు కొడుకు. అడిగేవాళ్ళు లేరు. ఆ డబ్బు కట్టిన రైతు ఎవరో, ఆ రైతు పెళ్ళాం ఆ ఏడు ఏం మానుకుందో కథలోకి రాదు. తాగేవాడి గుండెలో ఏదో బాధ ఉంటుందని, ఆ బాధ తెలుసుకుని ఓర్చుకోవడమే ఆడదాని గొప్పతనమని ఆ కథ మనకి నేర్పింది. మొగుడు తాగొచ్చి పడుకుంటే, "పాపం, మనసులో ఏముందో" అన్న ఇల్లాళ్ళు నాకు తెలుసు. చాలామందికి మనసులో ఏమీ ఉండదండీ. అలవాటు ఉంటుంది, అరువు ఉంటుంది.

ఇంతమందిని అన్నాను కాబట్టి నన్ను కూడా అనుకోవాలి. పదిహేనేళ్ళ కిందట ఒక వారపత్రికలో నా సీరియల్ వచ్చింది. అందులో భర్త తాగుతాడు. భార్య గాజులు అమ్మి పిల్ల స్కూలు ఫీజు కడుతుంది, మాట మాత్రం అనదు. ఆఖరి వారంలో పిల్లకి జ్వరం వస్తుంది, ఆయన కళ్ళు తెరుచుకుంటాయి, సీసా పగలగొడతాడు. చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువ భాగం మెచ్చుకోళ్ళే. ఒక్క ఉత్తరం మాత్రం కోదాడ వైపు నుంచి, పెన్సిల్‌తో రాసింది. "మీ నాయికలాగే నేనూ ఏమీ అనకుండా ఉన్నాను. గాజులు కూడా అమ్మాను. మా పిల్లకి రెండుసార్లు టైఫాయిడ్ వచ్చింది. ఆయన మానలేదు. నాలో లోపం ఏమిటో చెప్పగలరా?" నేను జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి తెలుసు. లోపం నా నవలలో ఉందని రాయాలి. అది రాయడానికి చేతులు రాలేదు.

కోదాడ వైపు ఉత్తరం అన్నాను కదా, మునగాల సంగతి కూడా చెప్పాలి. నిజాం రాజ్యం నడిమధ్యలో, కృష్ణా జిల్లా కింద లెక్కగా ఒక దీవిలా ఉండేది మునగాల పరగణా. దాని జమీందారు రాజా నాయని వెంకట రంగారావుగారు, దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టడంలోనూ, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టడంలోనూ ఈ ఇద్దరి చెయ్యీ ఉంది. తెలుగులో చరిత్ర, శాస్త్రం పుస్తకాలుగా మనింట్లోకి నడిచి రావడం అక్కడే మొదలు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి ఆ ధర్మంలో నాకూ ఒక పిడికెడు దక్కింది. అదే పరగణాలో 1930ల్లో రైతులు వెట్టికీ అక్రమ వసూళ్ళకీ ఎదురు తిరిగారు. రాజాగారి దాతృత్వం అబద్ధం కాదు, రైతుల గోడూ అబద్ధం కాదు. దాత పేరు మనం పాఠంలో చదువుకుంటాం, ధాన్యం కొలిచి ఇచ్చినవాళ్ళ పేరు చదువుకోం.

ఆ దివానుగారి అక్కగారే భండారు అచ్చమాంబగారు. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వస్తే, ఆవిడ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది. పండగ నాడు పేద ఇంటికి భర్త అన్యాయంగా సంపాదించిన డబ్బు తెస్తాడు. ఇంట్లో దీపానికి కూడా కరువే. భార్య ఆ డబ్బు వద్దంటుంది. కథ కొంచెం నీతి పాఠంలా ఉంటుంది, చివర అంతా సుఖాంతం అయిపోతుంది, నాకు ఆ చివర నచ్చదు. కాని ఆ 'వద్దు' ఉంది చూశారూ, ఇంట్లోకి వచ్చే డబ్బు ఎక్కడిదని అడిగే హక్కు ఇల్లాలికి ఉందని ఒక ఆడది మొదట్లోనే రాసిపెట్టింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళం, నాతో సహా, ఆ హక్కు ఊసే ఎత్తకుండా నాయికల చేత గాజులు అమ్మించాం.

అచ్చమాంబగారి తర్వాత మళ్ళీ ఆ ప్రశ్న వేసిన రచన ఏదంటే, నేను చెప్పే పేరు విని పండితులు నొచ్చుకోవచ్చు. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడి ఆడవాళ్ళకి ఇచ్చిన వాచకం. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, తాగుబోతు భర్తతో బతికిన ఆడదాని కథ. కవిత్వం లేదు, శిల్పం లేదు. అప్పుడే గుణింతాలు నేర్చుకున్నవాళ్ళు కూడబలుక్కుని చదివారు. చదివి, ఇది మన ఇంటి సంగతే కదా అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. వాళ్ళు చేసిన పని 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఇంకో పాఠమై మిగతా ఊళ్ళకి పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలాలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చుంటే, వేలం పదేపదే వాయిదా పడింది. గమనించండి, వాళ్ళు భర్తల కాళ్ళ మీద పడలేదు. వేలం దగ్గరికి వెళ్ళారు. డబ్బు ఎక్కడ మొదలవుతుందో అక్కడికి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఖజానా ఖాళీ అయిందన్నారు, సంక్షేమానికి డబ్బెక్కడిదన్నారు. 2023లో తెలంగాణలో 2,620 మద్యం షాపులకి లాటరీ తీస్తే, దరఖాస్తుకి రెండు లక్షల చొప్పున, షాపు రాకపోతే తిరిగివ్వని ఆ రుసుము మీదే ప్రభుత్వానికి 2,600 కోట్లు దాటి వచ్చింది. ఒక్క సీసా అమ్మకముందే. మా అత్తయ్య ఊరి గుడి కమిటీ కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. పెద్దల్ని చూసి నేర్చుకున్నారు.

పాట అయిన మర్నాడు పొద్దున గుడికి వెళ్ళాను. మండపం గోడకి నల్లరాయి శిలాఫలకం ఉంది. 5,116 రూపాయలు, ఆపైన ఇచ్చిన దాతల పేర్లు. ఏడో పేరు నాదే. మా నాన్నగారి పేరు మీద రెండేళ్ళ కిందట పంపాను. అందరికంటే పైన, పెద్దక్షరాల్లో, ఆ ముందటి ఏడు బెల్టు షాపు పాడినాయన పేరు ఉంది.

తిరిగి వస్తుంటే అత్తయ్య ఎదురింటామె పలకరించింది. నాట్లకీ కోతలకీ కూలికి పోతుంది. "అక్కా, నువ్వు కథలు రాస్తవంట గద. మా పిల్ల రాసింది కూడ జూడు" అని నోటు పుస్తకం తెచ్చింది. కథేమోనని తెరిచాను. ఏడో తరగతి పిల్ల, గుండ్రటి అక్షరాలు. ఎడమవైపు తేదీ, మధ్యలో 'నాయన – క్వార్టరు 1', కుడివైపు షాపతను సీసా ధర మీద వేసుకున్న ఇరవై రూపాయలు విడిగా. నెలకి పాతిక సుమారు. ఏడాదికి మూడువందల సీసాలు. సీసా అసలు ధర ఆ పేజీలో లేదు, అది వేరే పేజీ. ఈ పేజీలో ఉన్నది ఇరవైల లెక్క ఒక్కటే. అడుగున గీత గీసి, 6,000 అని వేసి ఉంది.

"ఈ ఇరవైలు విడిగా ఎందుకు రాయించావు?" అన్నాను.

"గవి గుడియి గద అక్కా. ఆయన పాట పాడిన పైసలు ఏడికెల్లి తెస్తడు? మాకాడ ఈ ఇరవై ఇరవై జమేసి తెస్తడు. మా ఆయన అరువు బెడితే, నా కూలి పైసలకెల్లి పట్టుకుంటడు. అంటే నేను ఇచ్చినట్టె గద. రాయి మీద అయిదువేల నూటపదహార్లకి పేరు రాసిన్రు. నాయి ఆరు వేలు."

ఆ పిల్ల వెనక నిలబడి, "లెక్క కరెక్టేనా ఆంటీ?" అని అడిగింది. మూడువందలు ఇంటూ ఇరవై. పెన్ను తీసి టిక్కు పెట్టాను.

మా మేనకోడలు టిక్కెట్టు కొన్నప్పుడు తను ఇస్తున్నట్టు దానికి తెలుసు. తన జీతంలోంచి తను ఇచ్చింది. ఇష్టం లేకపోతే ఆ శనివారం ఇంట్లో కూర్చునేది. ఈమెని ఎవరూ అడగలేదు. ఏడాది పొడుగునా ఇరవై ఇరవై చొప్పున తీసుకుని, దండ వేరొకరికి వేశారు. మన తాగుడు సాహిత్యమంతటిలో నాకు కనబడని కమల నోటు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను గాజులమ్మే నాయికల్ని రాసుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామయ్యతో అన్నాను. ఆయన గుడి కమిటీలో ఉన్నారు, మంచి మనిషి, జీవితంలో చుక్క ముట్టలేదు. "ఈ ఏడు కొత్త రాయి చెక్కిస్తారుగా మామయ్యా, ఎదురింటామె పేరు కూడా వేయించండి. ఆరు వేలు ఇచ్చింది" అని లెక్క చెప్పాను.

మొదట నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. మజ్జిగ పోయడానికి వచ్చిన చెయ్యి అలాగే ఆపి ఆయన మొహం వంక చూస్తోంది. ఆయన నవ్వు ఆపేసి, కలిపిన ముద్ద విస్తట్లోనే పెట్టి, కాసేపటికి అన్నారు:

"ఆమెది ఒక్కతెది రాస్తే ఎట్టమ్మాయ్? అట్టా అయితే ఊళ్ళో ఆడోళ్ళందరివీ రాయాలె."